చప్పట్లు కోసేసిన కచేరీ

మా ఇంట్లో నాకంటే ముందు కాపురం పెట్టింది ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండు. డెబ్బైలలో ఎక్కడో పరదేశంలో, హాలు నిండా జనం ముందు వాళ్ళు చేసిన కచేరీని అక్కడికక్కడే రికార్డు చేసి రెండు గ్రామఫోను ప్లేట్లుగా అమ్మారట. మా ఆయన దగ్గర ఉన్నది ఆ ప్లేట్లకి నకలు, ఒక గంట క్యాసెట్టు. పెళ్ళయి నేను గోపాలపట్నంలోని అద్దె ఇంట్లో అడుగుపెట్టిన పూట, పాలు పొంగించడం అయిందో లేదో, ఆయన టేప్‌రికార్డరు మీట నొక్కి నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. ముందు గిటారు కీచుమంది. తర్వాత డ్రమ్ములు మొదలయ్యాయి. ఆ తర్వాత ఎవరో గొంతు చించుకున్నారు. నాకు తల దిమ్మెక్కిపోయింది. బాగుందండీ అన్నాను. కొత్త పెళ్ళికూతురు ఇంకేం అంటుంది?

ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన నాకు నలభై ఏళ్ళ పాటు ఆ కచేరీ వినిపించారు.

ఆయనది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. చేలో పని ఇష్టంలేక విశాఖ వచ్చేసి, ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్ల మెకానిక్ అయ్యారు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవాడు. నేను బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మొదట్లో ఆయన ‘నాను’ అన్నప్పుడల్లా ‘నేను’ అని సరిదిద్దేదాన్ని. కొన్నాళ్ళకి నా నోరే నొప్పెట్టి మానేశాను.

క్యాసెట్టు కథ మా ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవారు. ఆయనకి పని నేర్పిన మేస్త్రీ అంతకుముందు ఓడల మీద పనిచేశాడు. ఆ ప్లేట్లు ఆ మేస్త్రీవే. ఒక్కరోజుకి అరువిస్తే, మా ఆయన వాటిని చంకలో పెట్టుకుని గోపాలపట్నంలో పాటలు రికార్డు చేసి ఇచ్చే కొట్టుకి పరుగెత్తారు. ఆ రోజుల్లో అలాంటి కొట్లు వీధికొకటి ఉండేవి. ఖాళీ క్యాసెట్టు తీసుకెళ్తే మనకి కావలసిన పాటలు ఎక్కించి ఇచ్చేవారు. టేపు చివర రెండు నిమిషాలు మిగిలినా అక్కడ ఏదో ఒక పాట ఇరికిస్తేగాని వాళ్ళకీ మనకీ నిద్రపట్టేది కాదు. తీరా చూస్తే ఆ రెండు ప్లేట్లూ కలిపి గంటకి మించిపోయాయి. ఏ పాట వదలమంటావు బావా అని కొట్టతను అడిగాడు. ఈయనకి ఒక్క పాట కూడా వదలబుద్ధి కాలేదు.

“సప్పట్లు ఒగ్గెయ్ బావ, పాటలే ఎయ్యి. సప్పట్లు మనకెందుకు? మనూళ్లో దొరకవేటి?” అన్నారట.

కొట్టతనికీ ఆ ఉపాయం నచ్చింది. పాట చివరి దెబ్బ పడగానే మీట నొక్కి ఆపెయ్యడం, జనం కేకలు, పాటగాడి మాటలు అన్నీ దాటిపోయాక మళ్ళీ వదలడం. అలా కచేరీ మొత్తం గంటలో సరిపోయింది. మా క్యాసెట్టులో ఒక పాట అయిపోతే టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది, ఆ వెంటనే రెండో పాట అందుకుంటుంది. ఊపిరి తీసుకునే సందు ఉండదు. తర్వాత మా అమ్మాయి దాన్ని సీడీ మీదకీ, ఇంకొన్నాళ్ళకి ఫోనులోకీ ఎక్కించింది. టిక్కులు కూడా వాటితోపాటే ఎక్కాయి.

ఆయనకి ఇంగ్లీషు రాదు. ఆ పాటల్లో ఏముందో నాకూ తెలియదు, చెప్పమని ఎవర్నీ అడగలేదు. ఆయనకి కావలసింది డ్రమ్ములు. ఆదివారం హార్బర్‌కి వెళ్ళని పూట, వరండాలో కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని, కుర్చీ చేతుల మీద రెండు చేతుల వేళ్ళతో ఆ డ్రమ్ముల వెంట నడిచేవారు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క దెబ్బ తప్పేది కాదు. ఆ గంటసేపు పిలిస్తే పలికేవారు కాదు. నేను వంటింట్లోంచి గిన్నెలు గట్టిగా పెట్టి నా అభిప్రాయం తెలియజేసేదాన్ని. ఇష్టం లేకపోయినా నలభై ఏళ్ళు వింటే ఏదైనా వంటబట్టేస్తుంది. కూర తరుగుతుంటే నా కత్తి కూడా ఆ దెబ్బలకే పడుతోందని ఒకరోజు గమనించి, నామీద నాకే కోపం వచ్చింది.

బోటు ఇంజన్ ఎక్కడ చెడిందో కనుక్కోవడానికి మెకానిక్‌లు ఒక పని చేస్తారు. ఇంజన్ తిరుగుతుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పెట్టి వింటారు. లోపలి చప్పుడు తలలోకి వస్తుందట. చేపల బోట్లు తెల్లారకముందే కదలాలి కాబట్టి ఆయన ఆ చీకట్లో ఇరుకు ఇంజన్ గదుల్లో తల దూర్చి ఏళ్ళకేళ్ళు విన్నారు. చెవుల్లో దూది పెట్టుకోమంటే నవ్వేవారు. దూది పెట్టుకుంటే ఇంజన్ ఏం చెబుతోందో ఎలా తెలుస్తుంది అనేవారు. ముందు ఎడమ చెవి పోయింది. చాలా ఏళ్ళు కుడి చెవితో నెట్టుకొచ్చారు. తర్వాత అదీ తగ్గుతూ వచ్చింది. మిషను పెట్టించాం, ఇంకా పెద్ద మిషను పెట్టించాం. చివరికి మిషను ఉన్నా లేనట్టే అయింది.

చెవుడు వచ్చినవాళ్ళ బాధ అందరికీ తెలుస్తుంది. పక్కవాళ్ళకి ఏం పోతుందో నాకు అనుభవం మీద తెలిసింది. కాపురంలో మాటలు సగం మొహాలు చూసుకోకుండానే జరుగుతాయి. నేను పొయ్యి దగ్గర, ఆయన వరండాలో. పాలవాడు రాలేదండీ. పక్కింటివాళ్ళు కొత్త ఫ్రిజ్ కొన్నారు. ఈ వంకాయలు చూడండి, అన్నీ పుచ్చులే. జవాబు కూడా అక్కర్లేదు, ఒక ‘ఊఁ’ చాలు. ఇప్పుడు ఆయనతో ఏం చెప్పాలన్నా వెళ్ళి మోకాలు తట్టి, ఎదురుగా కూర్చుని, వెలుతురు నా మొహం మీద పడేలా చూసుకుని, పెదవులు కదుపుతూ చెప్పాలి. పుచ్చు వంకాయల కోసం అంత తతంగం ఎవరు చేస్తారు? మందులు, కరెంటు బిల్లు, చావుకబుర్లు, ఇవే మిగిలాయి మా మధ్య. చిన్న మాటలన్నీ పోయాయి. నేను ఎంత ఒంటరినైపోయానో ఆయనకి చెప్పాలన్నా ఎదురుగా కూర్చుని పెదవులు కదపాలి కాబట్టి చెప్పలేదు.

ఒకసారి కోపం వచ్చి రోజంతా మాట్లాడ్డం మానేశాను. ఆయనకి తెలియనే లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆపరేషన్ సంగతి చెప్పింది. చెవి లోపల సన్నటి తీగ పెడతారు, బయట చెవి వెనక చిన్న మిషను అయస్కాంతంతో అంటుకుంటుంది. ఎడమ చెవి పనిచెయ్యక చాలా కాలమైంది కాబట్టి కుడి చెవికి చేస్తేనే ఫలితం ఉంటుందంది. అభ్యాసం చేస్తే మాటలు అర్థమవుతాయి. ఆలస్యం చేసినకొద్దీ లాభం తగ్గిపోతుంది. నాకు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. అయితే ఆవిడ నిజాయితీ మనిషి. కంప్యూటర్‌లో తెలుగులో పెద్ద అక్షరాలతో టైపు చేసి తెర ఆయన వైపు తిప్పింది. ఆ చెవిలో మిగిలిన కాస్త వినికిడి ఆపరేషన్‌తో పోవచ్చనీ, సంగీతం మాత్రం ఎప్పటికీ మునుపటిలా వినిపించకపోవచ్చనీ అందులో ఉంది.

ఆయన రెండుసార్లు చదువుకున్నారు. “అయితే నాకొద్దండి” అని లేచి నిలబడ్డారు.

ఇంటికి వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను. “ఆ బ్యాండు కోసమా?”

“మిగతాయన్నీ పోనాయి కదా. అదొక్కటే ఇనబడతంది నాకు. సాఫుగా ఇనబడతంది. అదీ తీసీమంతావేటి?”

“నా మాట వినబడక్కర్లేదా?”

“నీ మాట మొహం సూస్తే తెలిసిపోతాది.”

అది మెచ్చుకోలు అనుకున్నారు ఆయన. నాకు ఒళ్ళు మండిపోయింది. నా వయసు ఆడవాళ్ళకి సవతులు ఉన్నా ఈపాటికి ముసలివాళ్ళై మూలన కూర్చుంటారు. నా సవతికి మాత్రం ఇంకా గొంతు తగ్గలేదు. ఆ రోజు నుంచి వారానికోసారి ఆపరేషన్ మాట ఎత్తడం, ఆయన తల అడ్డంగా ఊపడం, నేను లేచిపోవడం. అలా ఒక వేసవి గడిచిపోయింది. డాక్టరమ్మ చెప్పిన ఆలస్యం నా కళ్ళముందే జరిగిపోతోంది.

మా అమ్మాయి దువ్వాడలో ఉంటుంది. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నా పోరు పడలేక, నాన్నని మంచి చేసుకుని తనే ఒప్పిస్తానని ఒక ఆదివారం వచ్చింది. వస్తూ ఒక స్పీకరు తెచ్చింది, రొట్టెముక్కంత ఉంటుంది కానీ ఇల్లు అదరగొడుతుంది. ఆ కచేరీ మొత్తం, ఏమీ కొయ్యకుండా, ప్లేట్ల మీద ఉన్నది ఉన్నట్టుగా తన ఫోనులో దొరికిందట. చప్పట్లతో సహా ఉందమ్మా, నాన్న ఎప్పుడూ విననిది, చూడు ఎంత సంతోషిస్తారో అంది. ఆయనకి మాత్రం చెప్పలేదు. చప్పట్లు వచ్చినప్పుడు మొహం చూద్దామని.

ఆయన వరండాలో కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా స్టూలు మీద స్పీకరు పెట్టి, అమ్మాయి వేలెత్తి ‘మొదలైంది’ అని సైగ చేసింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. గిటారు కీచుమంది, డ్రమ్ములు అందుకున్నాయి. ఆయన వేళ్ళు కూడా అందుకున్నాయి. పాట పొడుగునా దెబ్బకి దెబ్బ సరిపోయింది. నిజంగానే వినబడుతోందనుకున్నాను. ఆ క్షణంలో నేను ఓడిపోయాననిపించింది.

పాట అయిపోయింది. టిక్కు రాలేదు. ఒక్కసారిగా జనం, వేలమంది జనం, ఈలలు, కేకలు, చప్పట్లు. ఇన్నేళ్ళూ మా వరండాలో ఒంటరిగా వాయించినవాళ్ళ చుట్టూ ఇంతమంది ఉన్నారా అనుకున్నాను. అమ్మాయి నవ్వుతూ ఆయన మొహం వైపు చూసింది.

ఆయన కళ్ళు తెరవలేదు. ఆయన వేళ్ళు ఆగలేదు. రెండో పాట అందుకున్నాయి.

స్పీకరులో చప్పట్లు కొడుతూనే ఉన్నారు. పాటగాడు ఏదో అన్నాడు, జనం నవ్వారు. ఆయన రెండో పాటలో మెల్లగా మొదలయ్యే భాగం దాటి, వేగం పుంజుకున్నారు. స్పీకరులో ఆ పాట మొదలయ్యేసరికి ఆయన సగంలో ఉన్నారు. ఇంతకాలం కూర తరుగుతూ విన్నదాన్ని, ఆయన ఏ దెబ్బ దగ్గర ఉన్నారో నాకు తెలుసు. ప్రతి పాటకీ ఆ దూరం పెరుగుతూ పోయింది. అక్కడొక కచేరీ, ఇక్కడొకటి. అమ్మాయి మొహం పాలిపోయింది. స్పీకరు ఆపెయ్యమని సైగ చేశాను. ఆపేసింది. వరండాలో వేళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన చివరి పాట చివరి దెబ్బ దాకా వాయించి, కళ్ళు తెరిచారు. నుదురంతా చెమట.

“సూసినావా ఆ డ్రమ్ములోడిని! ఒక్క దెబ్బ తప్పలేదు” అన్నారు.

వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ముందు నాకు కలిగింది సంతోషమే. ఇక ఆయన పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, ఆపరేషన్‌కి అడ్డం తొలగిపోయింది, నేనే గెలిచాను అనుకున్నాను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. సింకు పట్టుకుని ఏడ్చేశాను. వెనకాలే వచ్చిన అమ్మాయి నాన్నకి చెప్పొద్దమ్మా అంది. ఆ ఒక్కటీ ఉంచెయ్యమ్మా అంది.

ఆ రాత్రంతా ఆలోచించాను. చెప్పకపోతే ఆయన ఒప్పుకోరు. ఆలస్యమై ఒకనాటికి ఆపరేషన్ కూడా పనికిరాకుండా పోతుంది. అప్పుడు నాకు ఆయనా ఉండరు, ఆయనకి నేనూ ఉండను, ఒకే ఇంట్లో ఉంటాం. చెబితే ఆయనకి ఉన్న ఒక్కగానొక్క వస్తువు నా చేత్తో లాక్కున్నదాన్ని అవుతాను. తెల్లారి కాఫీ ఇచ్చి, మోకాలు తట్టి, ఎదురుగా కూర్చున్నాను.

“నిన్న మీరు వింటుండగా మధ్యలో స్పీకరు ఆపేశామండీ. చాలాసేపు పాట లేదు. మీరు వాయిస్తూనే ఉన్నారు.”

ఆయన నా పెదవుల వంకే చూశారు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. చప్పట్ల సంగతి కూడా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కాఫీ పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి పనిముట్ల సంచిలోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నారు. అమ్మాయి వదిలి వెళ్ళిన స్పీకరులో మా ఫోనులోని కచేరీ పెట్టమన్నారు. పెట్టాను. మొన స్పీకరు మీద ఆనించి, పిడిని కుడి చెవి వెనక ఎముకకి నొక్కి, తల వంచి విన్నారు. ఎన్నో ఇంజన్ల దగ్గర ఆయన అలా వంగి ఉంటారు, నేను చూడ్డం మాత్రం అదే మొదటిసారి. సౌండు పెంచమన్నారు. పెంచాను. ఇంకా పెంచమన్నారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. మొన ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చారు, పిడి మార్చారు, ఎముక మీద చోటు మార్చారు. వేళ్ళకి అదురు తగులుతున్నట్టుంది, మొహంలో మాత్రం ఏమీ లేదు. చాలాసేపటికి స్క్రూడ్రైవర్ ఒళ్ళో పెట్టుకున్నారు.

“మరి నాను ఇన్నదేటి?” అన్నారు.

ఆయన నా పెదవుల వైపు చూస్తున్నారు, జవాబు కోసం. “మీరు వాయించినదే విన్నారు” అన్నాను.

మధ్యాహ్నం దాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. అన్నానికి పిలవడానికి వెళ్తే, ఆయనే ముందు అన్నారు: “లేనిది పోతాదని బయపడ్డమేటి. ఆస్పత్రికి ఎల్దాం, ఎప్పుడంటే అప్పుడు.” ఇన్నాళ్ళు పోట్లాడింది ఆ మాట కోసమే. విన్నాక కాసేపు అన్నం వడ్డించలేకపోయాను.

ఆపరేషన్ బాగానే అయింది. కుట్లు మానాక బయటి మిషను పెట్టి ఆన్ చేసిన రోజు ఆయన భయపడిపోయారు. నా గొంతు రైల్వే స్టేషన్ మైకులో అమ్మాయి గొంతులా ఉందన్నారు. పేర్లు పిలిపించుకుని, పేపరు చదివించుకుని, ఒక్కో మాట నేర్చుకున్నారు. బళ్ళో ఒకటో తరగతికి చెప్పినట్టే చెప్పాను, మొట్టికాయలు తప్ప. నెలలు పట్టింది. ఒక పొద్దున్న పొయ్యి దగ్గర నిలబడి, అటు తిరిగే, ఈ చింతపండు ఎంత నల్లగా ఉందో అన్నాను. “పాతదేమో” అని వరండాలోంచి వినిపించింది. గరిట కింద పడిపోయింది. ఆయన ‘ఏటైంది’ అని అడిగితే ఏమీ లేదన్నాను.

కచేరీ కూడా ఒకసారి పెట్టించుకున్నారు. అమ్మాయీ నేనూ పక్కనే నిలబడ్డాం. గిటారు మొదలవగానే ఆయన మొహం చేదు మింగినట్టు అయింది. రేకుల షెడ్డు మీద కంకర పోస్తన్నట్టుంది అన్నారు. డ్రమ్ముల దెబ్బలు మాత్రం తెలుస్తున్నాయట, కానీ అవి ఆ డ్రమ్ములు కావట. పాట అయిపోయి చప్పట్లు వచ్చేసరికి తలెత్తారు. అవొక్కటే సరిగ్గా చప్పట్లలాగే వినిపించాయట. “ఇంతమంది ఉన్నారేటి అక్కడ!” అన్నారు. అవి అయిపోయేదాకా విని ఆపెయ్యమన్నారు. మళ్ళీ ఎప్పుడూ పెట్టమనలేదు. నేనూ అడగలేదు. ఇక ఆ కచేరీ ఆయనకి పోయినట్టే అనుకున్నాను. ఆయన ఏమీ అనకపోయినా, నా చింతపండు కబుర్ల కోసం ఆయన ఇచ్చుకున్నది ఎంతో తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

ఈ మధ్య ఒక సాయంత్రం, టీ పెట్టమంటారా అని వంటింట్లోంచి అడిగాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. మిషను బ్యాటరీ అయిపోయిందేమో అనుకుంటూ చేతులు తుడుచుకుని వరండాలోకి వెళ్ళాను. మిషను చెవి వెనక లేదు. తీసి, మడిచిన పేపరు మీద జాగ్రత్తగా పెట్టి ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. కుర్చీ చేతుల మీద వేళ్ళు నడుస్తున్నాయి. ఒక పాట అయింది, సందు లేకుండా తర్వాతిది మొదలైంది. అది ఆ చివరి పాటకి ముందుది, నాకు తెలుసు. గోడకి చేరబడి నిలబడిపోయాను. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, మరగనీ అనుకున్నాను. చివరి దెబ్బ వేసి, ఆయన కాసేపు అలాగే ఉండి, కళ్ళు తెరిచి, మిషను తీసి చెవి వెనక పెట్టుకున్నారు. అప్పుడు నన్ను చూశారు. కొంచెం తడబడ్డారు.

“ఏటి, పిలిసినావా?”

“లేదండీ. ఇప్పుడే వచ్చాను” అన్నాను.